పాతబస్తీ మెట్రో: చార్మినార్ క్షేమమే, మరి జాబితాలో లేని కట్టడాల సంగతేంటి?

మెట్రో కావాలా, చార్మినార్ కావాలా? పాతబస్తీ మెట్రో మీద టీవీ చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఒక పక్క అభివృద్ధి అంటారు, ఇంకో పక్క వారసత్వం అంటారు. మధ్యలో పాతబస్తీ వాళ్లకి ఎప్పుడూ పడే ముద్ర ఒకటి ఉండనే ఉంది: వీళ్లకు ఏది తెచ్చినా అడ్డుపడతారు, కోర్టుకు పోతారు అని.

అసలు ఈ ప్రశ్నే తప్పు. మెట్రో చార్మినార్ దగ్గరికి రావడం లేదు. ఎంజీబీఎస్ నుంచి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయెరా, హరిబౌలి, శాలిబండ, శంషీర్‌గంజ్, అలియాబాద్, ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మార్గం అది. స్టేషన్లకు సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అని పేర్లు పెడుతున్నా, ఆ రెండు కట్టడాలూ పట్టాల నుంచి సుమారు అర కిలోమీటరు దూరంలో ఉంటాయని మెట్రో అధికారులే చాలాసార్లు చెప్పారు. కాబట్టి చార్మినార్‌కు ప్రమాదం అని గోల పెట్టేవాళ్లూ, చార్మినార్‌కు ఏమీ కాదు కాబట్టి ఇక సమస్యే లేదు అని చేతులు దులుపుకునేవాళ్లూ ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇద్దరి చూపూ పోస్టుకార్డు మీద ఉండే కట్టడం మీదే ఉంది. ఆ దారిలో ఉన్నవి పోస్టుకార్డు కట్టడాలు కావు. దేవిడీల కమాన్లు, పాత మల్గీల వరసలు, అలావాలు, చిల్లాలు, డంగు సున్నంతో కట్టిన రెండంతస్తుల ఇళ్లు. వాటి పేర్లు చాలావరకు ఆ గల్లీ వాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియవు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మెట్రో రావాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. 2017 నవంబరులో నగరంలో మొదటి మెట్రో రైలు నడిచింది. జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు అని కాగితం మీద ఉన్న రెండో కారిడార్ 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. మిగిలిన 5.5 కిలోమీటర్లు, అంటే సరిగ్గా మూసీ దాటిన తర్వాత ఉన్న భాగం, ఎన్నికల హామీగా మిగిలింది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు. చాంద్రాయణగుట్ట దాకా పొడిగించిన ఈ మార్గానికి అంచనా ఖర్చు 2,741 కోట్లు. శాలిబండ నుంచి అమీర్‌పేట్‌లో కోచింగ్‌కి వెళ్లే పిల్లలు రెండు బస్సులు, ఒక షేర్ ఆటో మారుతున్నారు. నేను డిగ్రీ చదివిన మూడేళ్లూ అలాగే వెళ్లాను. ఆ బాధ తెలిసినవాళ్లెవరూ మెట్రో వద్దు అనరు.

ఇక అసలు విషయానికి వద్దాం. రోడ్డు, రైలు ప్రాజెక్టుల నుంచి పాత కట్టడాలను కాపాడటానికి దేశంలో ఉన్న పెద్ద చట్టం 1958 నాటిది. 2010లో దానికి గట్టి సవరణ చేశారు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం చేయకూడదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకుని చేయాలి. ఈ అనుమతులు చూడటానికి నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ అని ఒక సంస్థ కూడా ఏర్పడింది. ప్రజావసర ప్రాజెక్టులకు ఆ 100 మీటర్ల నిషేధం నుంచి మినహాయింపు ఇవ్వాలని తెచ్చిన బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభలో అది సెలెక్ట్ కమిటీకి వెళ్లింది, చట్టం కాలేదు. అంటే నిషేధం ఇప్పటికీ గట్టిగానే ఉంది.

అయితే అది ఎవరికి? కేంద్ర జాబితాలో పేరున్న వాటికి. తెలంగాణ మొత్తంలో అలాంటివి 8 మాత్రమే. చార్మినార్, గోల్కొండ అందులో ఉన్నాయి. జాబితాలో పేరుండటం కూడా పూర్తి భద్రత కాదనుకోండి. 2022 డిసెంబరులో కేంద్ర సాంస్కృతిక శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం రక్షిత కట్టడాల్లో 50 కనిపించడం లేదు. అందులో 14 పట్టణాలు పెరగడం వల్ల పోయాయి, 12 జలాశయాల్లో మునిగాయి, 24 అసలు ఎక్కడున్నాయో తెలియదు. ఆ 24లో హర్యానాలోని రెండు కోస్ మీనార్లు ఉన్నాయి. ప్రయాణికులకు దారి దూరం చూపించడానికి మొఘలుల కాలంలో రోడ్డు పక్కన కట్టిన మీనార్లు అవి. రోడ్డు కోసం కట్టినవే ఇప్పుడు దొరకడం లేదు.

కేంద్ర జాబితా కింద రాష్ట్ర జాబితా ఉంది. దాని కింద నగరానికి ప్రత్యేకంగా ఒక రక్షణ ఉండేది. 1981 నాటి హుడా నిబంధనల్లో 13వది. కోటలు, ప్యాలెస్‌లే కాకుండా దేవిడీలు, స్కూళ్లు, ఆసుపత్రులు, ఇళ్లు కూడా వారసత్వ కట్టడాలుగా గుర్తించే వీలు దానివల్ల కలిగింది. వాటిలో మార్పులు చేయాలంటే ఒక నిపుణుల కమిటీ చూడాలి. 2015లో ప్రభుత్వం ఆ నిబంధనను తీసేసింది. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. కొత్త చట్టం వచ్చింది గదా, ఇక బాధేంటి అనొచ్చు. బాధ ఏంటంటే పాత నిబంధన కింద జాబితాలో ఉన్నవన్నీ ఆటోమేటిక్‌గా కొత్త చట్టంలోకి రాలేదు. మధ్యలో పడిపోయిన వాటి స్థితి ఏమిటి అనేది కోర్టుల్లో తేల్చుకోవాల్సిన ప్రశ్న అయింది. 2019 సెప్టెంబరులో ఎర్రమంజిల్ కేసులో హైకోర్టు, ఆ భవనాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. ఎర్రమంజిల్‌కు పెద్ద పేరుంది, దాని కోసం పోరాడటానికి వారసులు, చరిత్రకారులు, లాయర్లు ఉన్నారు. శాలిబండలో ఒక మల్గీ వెనక నిలబడిన నూటయాభై ఏళ్ల కమాన్ కోసం ఎవరు రిట్ వేస్తారు?

పాతబస్తీ మార్గం మీద కూడా 2025లో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. వారసత్వ కట్టడాల మీద ప్రభావం ఎంతో అంచనా వేయకుండానే పనులు సాగుతున్నాయనేది పిటిషనర్ల వాదన. రక్షిత కట్టడాలకు ఏ నష్టమూ లేదనేది ప్రభుత్వ వాదన. పైకి ఎదురెదురుగా కనిపిస్తున్నా రెండూ ఒకేసారి నిజం కావచ్చు. "రక్షిత" అనే మాట చిన్నదైతే నష్టం అనే మాట కూడా చిన్నదే అవుతుంది.

మెట్రో సంస్థ సర్వేనే చేయలేదా అంటే చేసింది. 2023లో ఫలక్‌నుమా వరకు ఉన్న దారిలో 103 మతపరమైన, ఇతర సున్నితమైన కట్టడాలు ఉన్నాయని చెప్పింది. 21 మసీదులు, 12 గుళ్లు, 12 ఆషూర్‌ఖానాలు, 33 దర్గాలు, 7 ఖబరస్తాన్లు, 6 చిల్లాలు. వంపులు సరిచేసి, పిల్లర్ల చోటు మార్చి, ఎత్తు సవరించి దాదాపు అన్నిటినీ తప్పించామని చెప్పింది. ఇది మెచ్చుకోవాల్సిన పనే. ఇంజనీర్లు అనుకుంటే పిల్లర్ జరుగుతుందని ఇక్కడే రుజువైంది.

కానీ ఆ జాబితాను ఇంకోసారి చూడండి. అది దేని ప్రకారం తయారైంది? "సున్నితమైన" అనే మాట ప్రకారం. అంటే ముట్టుకుంటే గొడవ అయ్యేవి. ఇరవై ఏళ్ల కిందట ఆర్‌సీసీతో కట్టి టైల్స్ వేసిన ప్రార్థనా స్థలం అందులో ఉంటుంది. ఉండాలి కూడా. దాని పక్కనే ఉన్న ఆసఫ్‌జాహీల కాలపు దేవిడీ ముఖద్వారం మాత్రం అందులో ఉండదు, ఎందుకంటే అది పడిపోతే ఎవరూ రోడ్డెక్కరు. మన వ్యవస్థ పాత కట్టడాలను వయసు చూసి, పనితనం చూసి లెక్కపెట్టలేదు. శాంతిభద్రతల కళ్లతో లెక్కపెట్టింది. పోలీస్ స్టేషన్ చేయాల్సిన లెక్కకీ పురావస్తు శాఖ చేయాల్సిన లెక్కకీ తేడా ఉంటుంది.

ఇప్పుడు నా సబ్జెక్ట్‌కి వస్తాను. నేను చదివింది బీకాం. చరిత్ర కాదు, ఇంజనీరింగ్ కాదు. కానీ నష్టపరిహారం కాగితాలు చూస్తే ఒక విషయం వెంటనే కళ్లకు కొట్టింది. భూసేకరణలో పరిహారం రెండు ముక్కలుగా వస్తుంది: భూమికి ఒకటి, దాని మీదున్న కట్టడానికి ఒకటి. పాతబస్తీలో భూమికి గజానికి 81,000 రూపాయలు ఖరారైంది, 2025 జనవరిలో మొదటి చెక్కులు ఇచ్చారు. కట్టడానికి వేరుగా విలువ కడతారు. ఎలా కడతారంటే, ఇప్పుడు అంత చదరపు అడుగులు కట్టడానికి ఆర్ అండ్ బీ రేట్ల ప్రకారం ఎంతవుతుందో చూసి, అందులోంచి వయసును బట్టి తరుగుదల తీసేస్తారు. మామూలుగా జరిగే పద్ధతి ఇది.

తరుగుదల అంటే కామర్స్ విద్యార్థికి మొదటి ఏడాదిలోనే నేర్పే పాఠం. లారీ కొంటాం, ప్రతి ఏడాదీ కొంత విలువ తగ్గుతుంది, దాని ఆయుష్షు అయిపోయేసరికి తుక్కు ధర మిగులుతుంది. లారీకి ఇది న్యాయమే. ఇదే లెక్క ఒక దేవిడీకి వేయండి. ఉదాహరణకి కట్టడం ఆయుష్షు 75 ఏళ్లు, చివర్లో మిగిలే తుక్కు విలువ నూటికి పది అనుకుందాం. 30 ఏళ్ల కిందటి సిమెంటు ఇంటికి నూటికి 64 రూపాయలు వస్తాయి. 150 ఏళ్ల కిందటి డంగు సున్నం కట్టడానికి, టేకు దూలాలున్నా, చెక్కిన స్తంభాలున్నా, గచ్చు పువ్వులు, జాలీ పనితనం ఉన్నా, వచ్చేది పదే. దాని వయసే దాని విలువ అని చరిత్ర అంటుంది. దాని వయసే దాని నష్టం అని రిజిస్టర్ అంటుంది. ఏ అధికారికీ ఇందులో చెడు ఉద్దేశం లేదు. కాగితం మీద గడి అలా ఉంది, ఆయన అలా నింపుతాడు.

ఈ ఒక్క గడి వల్ల ఏమవుతుందో ఊహించండి. ఇంటి యజమానికి కట్టడాన్ని కాపాడుకోవడానికి ఏ ఆర్థిక కారణమూ మిగలదు. ఇప్పటికే పదిహేను మంది వారసులు, నలుగురు కిరాయిదార్లు, ఒక సివిల్ కేసు ఉన్న ఇల్లు అది. ముందు భాగం రోడ్డుకు పోతే, మిగిలిన వెనక భాగాన్ని కూల్చి ఐదంతస్తులు లేపితే లాభం. రోడ్డు వెడల్పు చేయడంలో పోయేది ముందున్న పది పదిహేను అడుగులే అని అధికారులు అంటారు. నిజమే, మెట్రో కోసం ఈ రోడ్డు 100 అడుగులకు, స్టేషన్ల దగ్గర 120 అడుగులకు పెరగాలి. కానీ పాత ఇల్లు అట్టపెట్టె కాదు, కొంచెం కత్తిరించి పక్కన పెట్టడానికి. లోపల స్తంభాల వరుస, కమాన్లు, మందపాటి గోడలు ఒకదాని బరువు ఇంకొకటి మోస్తుంటాయి. ముందు గోడ తీసేస్తే వెనక కమాన్‌కు పక్క బలం పోతుంది. పైగా పాతబస్తీలో చాలా ఇళ్లకు పక్కింటితో ఉమ్మడి గోడ. ఒక ఇల్లు కూల్చే జేసీబీ దెబ్బ రెండిళ్లకు తగులుతుంది. మెట్రో పిల్లర్ పునాది కోసం బోరు వేసే యంత్రం కన్నా కూల్చివేతకు వాడే యంత్రమే పాత గోడలకు పెద్ద శత్రువు కావచ్చు. దీని గురించి ఏ చర్చలోనూ నేను వినలేదు.

కిందటి వేసవిలో దారుల్‌షిఫా నుంచి శాలిబండ వరకు నడిచాను. గోడల మీద ఎర్ర రంగు గుర్తులు, నంబర్లు. ఒక చాయ్ హోటల్ దగ్గర పెద్దాయన తన ఇంటి నంబరు చూపించాడు. చెక్కు తీసుకోవడానికి ఆయనకు ఇబ్బందేమీ లేదు, మెట్రో వస్తే మనవరాళ్లకు మంచిదే అన్నాడు. ఆయన బాధ వేరే. కొలతలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు గజాలు కొలిచారు, అడుగులు కొలిచారు, కానీ ముఖద్వారం మీదున్న రాతపలకను ఒక్కరూ చదవలేదట. ఫార్సీలో ఉంది, ఆయనకూ చదవడం రాదు. "బేటా, నీకొస్తుందా?" అని నన్ను అడిగాడు. నాకూ సగమే వచ్చింది.

ఇలాంటి చిక్కు మనకొక్కళ్లకే రాలేదు. లాహోర్ సంగతి చూద్దాం. అక్కడ ఆరెంజ్ లైన్ మెట్రో 27 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మనలాగే పిల్లర్ల మీద. దారిలో షాలిమార్ బాగ్, చౌబుర్జీ, గులాబీ బాగ్ ద్వారం, బుద్ధూ కా ఆవా లాంటివి ఉన్నాయి. 2016 ఆగస్టులో లాహోర్ హైకోర్టు 11 వారసత్వ కట్టడాల చుట్టూ 200 అడుగుల లోపల పని ఆపేయమంది. పదహారు నెలలు ఆ 11 చోట్లా పని నిలిచిపోయింది. 2017 డిసెంబరులో పాకిస్తాన్ సుప్రీంకోర్టు 31 షరతులతో అనుమతి ఇచ్చింది. కంపనాలను నిరంతరం కొలవాలి, నిపుణుల కమిటీ పర్యవేక్షించాలి వంటివి అందులో ఉన్నాయి. చివరికి 2020 అక్టోబరులో రైలు నడిచింది. అక్కడి వారసత్వ ప్రేమికులు ఇప్పటికీ సంతృప్తిగా లేరు, చౌబుర్జీ పక్కన నిలబడిన కాంక్రీటు చూస్తే వాళ్ల కోపం అర్థమవుతుంది. ప్రభుత్వమూ సంతోషంగా లేదు, ఆలస్యానికి ఖర్చు పెరిగింది. ఆ షరతులు మొదటి రోజే డీపీఆర్‌లో రాసుకుంటే ఈ పదహారు నెలలు ఆదా అయ్యేవి గదా.

లాహోర్‌కు ఇంకో పాత గాయం ఉంది. షాలిమార్ బాగ్ ఫౌంటెన్లకు నీళ్లిచ్చే పాత నీటి తొట్లలో రెండింటిని 1999లో పక్క రోడ్డు వెడల్పు కోసం కూల్చేశారు. తోట గోడల లోపల ఒక్క పువ్వును కూడా ఎవరూ ముట్టుకోలేదు. అయినా 2000లో యునెస్కో లాహోర్ కోటను, షాలిమార్‌ను ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో పెట్టింది. అందులోంచి బయటపడటానికి 2012 దాకా పట్టింది. జాబితాలో ఉన్న తోటను కాపాడి, దానికి ప్రాణం పోసే తొట్లను రోడ్డుకు ఇచ్చేశారు. మన దగ్గర చార్మినార్‌ను కాపాడి చుట్టూ ఉన్న షహర్‌ను ఇచ్చేస్తే అయ్యేదీ అదే.

ఢిల్లీలో 2012లో జామా మసీదు దగ్గర సుభాష్ పార్కులో మెట్రో కోసం తవ్వుతుంటే పాత కట్టడం ఆనవాళ్లు బయటపడ్డాయి. షాజహాన్ కాలపు అక్బరాబాదీ మసీదు అవశేషాలని చాలామంది నమ్మారు. గొడవలు జరిగాయి, కోర్టుకెక్కారు. మెట్రో తన దారిని అక్కడి నుంచి జరుపుకుంది, 2017 మేలో ఢిల్లీ గేట్, జామా మసీదు, లాల్ ఖిలా స్టేషన్లు మొదలయ్యాయి. అదృష్టవశాత్తూ అది భూగర్భ మార్గం, జరపడానికి వీలుంది. ఇస్తాంబుల్‌లో యెనికాపీ దగ్గర రైలు కోసం తవ్వితే 37 పాత ఓడలు దొరికాయి. వాటిని బయటికి తీసి భద్రపరిచి, ఏళ్ల ఆలస్యం తర్వాత 2013లో మర్మరాయ్ రైలు నడిపారు.

కోల్‌కతా ఉదాహరణ మనకు ఇంకా దగ్గర. ఈస్ట్-వెస్ట్ మెట్రో సొరంగం రక్షిత కట్టడాలైన కరెన్సీ బిల్డింగ్, రెండు యూదు ప్రార్థనాలయాల దగ్గర నుంచి వెళ్లాలి. 100 మీటర్ల నిబంధన అడ్డొచ్చింది. అనుమతుల కోసం నెలల తరబడి పరిశీలన జరిగింది, కంపనాలు కొలుస్తూ జాగ్రత్తగా తవ్వారు. ఆ మూడింటికీ ఏమీ కాలేదు. 2019 ఆగస్టు 31న అదే సొరంగం బౌబజార్ చేరినప్పుడు భూమి లోపలి నీటిపొర పగిలింది. పైనున్న పాత ఇళ్లు బీటలు వారాయి, కొన్ని కూలిపోయాయి, వందల మంది రాత్రికి రాత్రి బయటపడ్డారు. దానికి కారణం నేల స్వభావమే, ఒప్పుకుంటాను. మన దగ్గర సొరంగం లేదు కాబట్టి అలాంటి ప్రమాదం కూడా లేదు. కానీ తరతరాలుగా నగలు చేసేవాళ్లు ఉన్న ఆ వీధి కోల్‌కతా జ్ఞాపకం కాదా? రక్షిత కట్టడం కాదు కాబట్టి వార్తల్లో అది "పాత ఇళ్లు" మాత్రమే అయింది.

మన తెలుగు నేల మీదే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. నాగార్జునసాగర్ కింద నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు ఆ లోయ మొత్తం తవ్వారు. దొరికినవాటిని కొండ మీదికి, అనుపుకి తరలించి మళ్లీ నిలబెట్టారు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు కాలేదు. దేశానికి తిండి గింజలే కష్టం. అయినా ఆరేళ్ల పాటు పురావస్తు శాఖ వాళ్లు పనిచేశారు, డ్యామ్ ఆగలేదు. లోయ పోయింది, అది నిజమే. కానీ ఏం పోయిందో మనకు లెక్క తెలుసు. పాతబస్తీలో ఏం పోతుందో రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి గజాల లెక్క తప్ప ఇంకేం ఉంటుంది?

ఖర్చు అంటారా? 2,741 కోట్లలో పావు శాతం అంటే సుమారు 6.85 కోట్లు. గజానికి 81,000 చొప్పున అది 846 గజాల భూమి ధర, ఓ మోస్తరు ఫంక్షన్ హాల్ స్థలం అంత. ఈ డబ్బుతో ఆ 7.5 కిలోమీటర్లలో ప్రతి పాత కట్టడాన్నీ ఫోటోలు తీసి, కొలతలు గీసి, రాతపలకలు చదివించి, కమాన్లు, తలుపులు, స్తంభాల్లో ఏవి విప్పి వేరేచోట నిలబెట్టవచ్చో రాసి పెట్టవచ్చు. జేఎన్ఏఎఫ్ఏయూ ఆర్కిటెక్చర్ విద్యార్థులు నగరంలోనే ఉన్నారు, ఫార్సీ చదివేవాళ్లు ఉస్మానియాలో, మనూలో ఉన్నారు. కావాల్సింది ఆర్డరు. పైగా మెట్రో రైలు మార్గాలు 2006 నాటి పర్యావరణ అనుమతుల షెడ్యూలులో లేవు. అంటే హైవేకో ఫ్యాక్టరీకో జరిగినట్టు తప్పనిసరి బహిరంగ విచారణ దీనికి ఉండదు. అడిగే వేదికే లేనప్పుడు జనం కోర్టుకే వెళ్తారు. తర్వాత కోర్టుకు వెళ్లారని నిందిస్తారు.

ఇంత రాశాక మన సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. పాతబస్తీ దేవిడీలను మెట్రో కన్నా ముందే కూల్చింది ఎవరు? వారసులే అమ్ముకున్నారు, మన బిల్డర్లే కొన్నారు. కుతుబ్‌షాహీల కాలపు చిన్న మసీదును జమాత్ సరిపోవడం లేదని పడగొట్టి, గ్రానైట్ వేసి, పాత రాతపలకను ఉజూఖానా పక్కన బోర్లించి పెట్టిన కమిటీలు నాకు తెలుసు. ముతవల్లీని అడిగితే జగహ్ కావాలి గదా అంటాడు. నమాజీలు పెరిగారు, జగహ్ కావాలి, కాదనలేం. కానీ అదే ముతవల్లీ రేపు రోడ్డు కోసం ప్రభుత్వం వచ్చినప్పుడు ఇది నాలుగు వందల ఏళ్ల మసీదు అని వాదిస్తే చూపించడానికి ఏం మిగిలింది? వక్ఫ్ రికార్డుల్లో ఖబరస్తాన్ విస్తీర్ణం ఉంటుంది, దర్గా పేరు ఉంటుంది. కట్టడం ఎప్పటిది, ఎవరు కట్టారు, ఎలా ఉంది అన్నది చాలావాటికి ఉండదు. ప్రభుత్వ జాబితా మీద మనం వేసే ప్రశ్న మన సొంత జాబితాకూ వర్తిస్తుంది.

ప్రభుత్వం ఇప్పుడైనా చేయగలిగింది చాలానే ఉంది. సేకరించాల్సిన ఆస్తుల్లో ఇంకా కూల్చనివి ఎన్నున్నా, వాటికి కట్టడం విలువ కట్టే బృందంలో ఇంజనీరుతో పాటు ఒక కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌ను కూర్చోబెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ కట్టడాల విలువ కోసం ఇంజనీరునే కాదు, ఇతర నిపుణులను కూడా కలెక్టర్ వాడుకోవచ్చని చెబుతోంది. వయసు వందేళ్లు దాటిన కట్టడానికి తరుగుదల వేయకూడదని ఒక మెమో ఇస్తే చాలు. వెనక భాగాన్ని కాపాడుకుంటానన్న యజమానికి అదనపు అంతస్తుల హక్కు, అంటే టీడీఆర్, కొంచెం ఎక్కువ ఇస్తే సగం మంది కాపాడుకుంటారు. లాభం ఉంటే ఎవరైనా చేస్తారు, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నోటీసు వచ్చిన ఇంటివాళ్లు మీలో ఎవరైనా ఉంటే, చెక్కు మీద సంతకం పెట్టే ముందు ఈ పనులు చేయండి. ఇంటి ముందు భాగం, తలుపులు, కమాన్లు, పైకప్పు దూలాలు, ఏ రాతపలక ఉన్నా, అన్నీ పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెట్టుకోండి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే కూల్చడానికి ముందే దాని పగుళ్లను తేదీ కనిపించేలా ఫోటో తీయండి, తర్వాత గొడవ వస్తే అదే సాక్ష్యం. కట్టడం విలువ కట్టిన షీట్ కాపీ అడగండి, ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి. అందులో వయసు ఎంత రాశారో, తరుగుదల ఎంత శాతం తీశారో చూడండి. దాదా, పర్‌దాదా కాలపు దస్తావేజులు ఉర్దూలోనో ఫార్సీలోనో ఉంటే పారేయకండి, ఆ షీట్ పక్కన పెట్టి అభ్యంతరం రాయండి. శాలిబండ పెద్దాయన రాతపలక ఫోటో నా ఫోన్‌లో ఉంది. చదవగలిగిన మౌల్వీ సాబ్ ఒకాయన రెండు వరుసలు చదివారు, మూడో వరుస మీద సున్నం పేరుకుంది. దాన్ని శుభ్రం చేయడానికి ఇంకా టైమ్ ఉందో లేదో, ఆ ఇంటి నంబరు ఎప్పుడు వస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంది.